గేటు లేని సరిహద్దుకు కాగితాల కాపలా

ఐర్లండ్‌లో క్లోన్స్ అనే చిన్న పట్టణం నుంచి కావన్‌కు వెళ్లే రోడ్డు పది కిలోమీటర్ల లోపే నాలుగుసార్లు సరిహద్దు దాటుతుంది. ఐర్లండ్ రిపబ్లిక్‌లో బయల్దేరి, బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్‌లోకి దూరుతుంది. బయటికొస్తుంది. మళ్లీ దూరి, మళ్లీ బయటపడుతుంది. ఆ ఒక్క రోడ్డుకే రెండు పేర్లు, ఒకవైపు ఎన్‌54, ఇంకోవైపు ఏ3. గేటు లేదు, ఆపి అడిగే పోలీసు లేడు. రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత కనిపిస్తే ఉత్తరాదిలోకి వచ్చినట్టు లెక్క. వేగపరిమితి బోర్డు మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆ పక్కనే ఉన్న డ్రమ్ముల్లీ ప్రాంతం రిపబ్లిక్‌లోని మొనహన్ కౌంటీది. కానీ రోడ్డు మీద అక్కడికి పోవాలంటే బ్రిటన్ నేల మీదుగా పోవాల్సిందే.

ఈ సరిహద్దు పొడవు దాదాపు 500 కిలోమీటర్లు. దాన్ని దాటే రోడ్లెన్నో 2018లో రెండువైపుల అధికారులు కూర్చుని లెక్క తీస్తే 208 తేలాయి. యూరోపియన్ యూనియన్ తూర్పు సరిహద్దు మొత్తం మీద కూడా అన్ని దారులు లేవు. అదే ఏడాది ఫిబ్రవరిలో అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ రేడియోలో మాట్లాడుతూ, బ్రెగ్జిట్ జరిగినా, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడినా, ఈ సరిహద్దు ఏమంత సమస్య కాదన్నారు. తాను లండన్ మేయర్‌గా ఉన్నప్పుడు కామ్‌డెన్ పేట నుంచి వెస్ట్‌మినిస్టర్‌కు వచ్చే బండ్ల దగ్గర ఎవరికీ తెలియకుండానే రుసుము వసూలు చేయలేదా అని పోలిక తెచ్చారు. సరిహద్దు అంటే సుంకం, సుంకం అంటే లెక్క, లెక్కకు కెమెరా చాలు అన్నది లండన్ దొరల ఆలోచన. తర్వాతి కాలంలో జరిగిన పొరపాట్లలో సగం ఈ ఆలోచన నుంచే పుట్టాయి. సరిహద్దు పల్లెల్లో ఈ విషయాన్ని ఎవరూ సుంకంగా చూడలేదు. మా రోడ్డు మళ్లీ మూస్తారా అన్నదే వాళ్ల ప్రశ్న.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1921లో దేశాన్ని విడదీసినప్పుడు అల్‌స్టర్ ప్రాంతంలోని తొమ్మిది కౌంటీల్లో ఆరింటిని మాత్రమే ఉత్తర ఐర్లండ్‌గా కత్తిరించారు. తొమ్మిదీ కలిపితే బ్రిటన్ అనుకూల ప్రొటెస్టెంట్ల ఆధిక్యం నిలబడదేమోనన్న శంకతో డోనెగాల్, కావన్, మొనహన్‌లను వదిలేశారు. అందుకే ఐర్లండ్ దీవికి ఉత్తరపు కొన అయిన మాలిన్ హెడ్ ఉత్తర ఐర్లండ్‌లో లేదు, 'దక్షిణాది'గా పిలిచే రిపబ్లిక్‌లో ఉంది. గీతను సరిదిద్దుతామంటూ వేసిన సరిహద్దు కమిషన్ 1925లో ఏమీ మార్చకుండానే మూట సర్దుకుంది. అప్పటికే, 1923 ఏప్రిల్ 1 నుంచి, సుంకం చౌకీలు వెలిశాయి. కొన్ని దారులు 'అప్రూవ్డ్ రోడ్లు' అయ్యాయి, మిగతావన్నీ 'అన్‌అప్రూవ్డ్'. సరుకు బండి రెండో రకం రోడ్డెక్కితే నేరం. క్లోన్స్ పట్టణానికి బేరం పెట్టే పల్లెలు సగం ఫెర్మానా కౌంటీలో, అంటే అవతలి దేశంలో చిక్కుకుపోయాయి. ఒకప్పుడు క్లోన్స్ నాలుగు దిక్కులకూ రైళ్లు పోయే జంక్షన్. 1957లో ఆ లైన్లు మూతపడ్డాయి. పట్టణం మళ్లీ కోలుకోలేదు.

1969 తర్వాతి మూడు దశాబ్దాల సంగతి వేరు. ఉత్తరాది బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అన్న గొడవతో చెలరేగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. సాయుధుల రాకపోకలు ఆపడానికి బ్రిటిష్ సైన్యం పల్లె దారులను పేల్చి గోతులు చేసింది, కాంక్రీటు దిమ్మెలు పాతింది. ఊళ్లవాళ్లు సెలవు రోజుల్లో పలుగూ పారా పట్టుకొచ్చి ఆ గోతులు పూడ్చేవాళ్లు. సైన్యం మళ్లీ తవ్వేది. ఫెర్మానాకూ కావన్‌కూ నడుమ ఉన్న అఘలేన్ వంతెన 1972లో బాంబుకు కూలిపోతే దాని స్థానంలో కొత్త వంతెన 1999లో గానీ రాలేదు. శాంతి చర్చలను నడిపించిన అమెరికా సెనేటర్ జార్జ్ మిచెల్ పేరు దానికి పెట్టారు. 27 ఏళ్లు, అంటే ఒక తరం మొత్తం, ఏటికి అవతలి ఒడ్డున ఉన్న చుట్టాల ఇంటికి చుట్టూ తిరిగి వెళ్లింది. 1972 ఆగస్టులో న్యూరీ దగ్గరి సుంకం కార్యాలయంలో పేలిన బాంబు తొమ్మిది మందిని బలి తీసుకుంది. వాళ్లలో బాంబు తెచ్చినవాళ్లూ ఉన్నారు, అక్కడ పనిచేసే గుమస్తాలూ ఉన్నారు. అందుకే బ్రెగ్జిట్ చర్చల్లో ఎవరైనా 'నాలుగు చెక్‌పోస్టులు పెడితే ఏం పోతుంది' అన్నప్పుడు అక్కడివాళ్ల ముఖాలు మాడిపోయేవి.

అయితే నాణేనికి ఇంకోవైపు కూడా ఉంది. మన పత్రికల్లో దాని గురించి రాసేవాళ్లు తక్కువ. ఫెర్మానా అంచు పొలాల్లో ఉన్న ప్రొటెస్టెంట్ రైతు కుటుంబాల్లో చాలామంది పొలం పనులు చేసుకుంటూనే స్థానిక భద్రతా దళాల్లో పార్ట్‌టైమ్ కొలువు చేసేవాళ్లు. వాళ్లను పొలంలో, పశువుల కొట్టంలో, ఇంటి గుమ్మంలో ఐఆర్‌ఏ, అంటే ఐర్లండ్ ఏకీకరణ కోసం ఆయుధం పట్టిన సంస్థ, కాల్చి చంపేది. చంపినవాళ్లు నిమిషాల్లో సరిహద్దు దాటి మాయమయ్యేవాళ్లు. ఆ ఇళ్లలో దారి మూసి ఉండటమంటే ఆ రాత్రికి నిద్రపట్టడం. ఒకే గోతిని ఒకరు తమ గొంతు మీది కాలుగా, ఇంకొకరు తమ ఇంటి తలుపు గొళ్లెంగా చూశారు. ఈ రెండు జ్ఞాపకాలూ పక్కపక్క ఇళ్లలోనే బతుకుతున్నాయి.

రెండు దేశాలూ 1973లో యూరోపియన్ కూటమిలో చేరాయి. 1993లో ఉమ్మడి మార్కెట్‌తో సుంకం చౌకీలు పోయాయి. 1998 ఏప్రిల్ 10న శాంతి కోసం గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. దాన్ని ఉత్తరాదిలో 71 శాతం, దక్షిణాదిలో 94 శాతం ఓటర్లు ఆమోదించారు. తర్వాత కాపలా బురుజులు కూల్చేశారు. 2007లో సైన్యం తన ఆపరేషన్ ముగించింది. ఉత్తరాదిలో పుట్టిన మనిషి తాను బ్రిటిషా, ఐరిషా, రెండూనా అన్నది తానే తేల్చుకోవచ్చునని ఆ ఒప్పందం ఒప్పుకుంది. ఈ మాట చెల్లడానికి రెండు దేశాలూ ఒకే యూరోపియన్ గొడుగు కింద ఉండటం ఎంత అవసరమో గొడుగు తీసేదాకా ఎవరూ గట్టిగా ఆలోచించలేదు.

2016 జూన్ 23న ఆ గొడుగు తీసేయాలని బ్రిటన్ 52 శాతం ఓట్లతో తీర్మానించింది. ఉత్తర ఐర్లండ్ మాత్రం 55.8 శాతంతో వద్దంది. సరిహద్దును ఆనుకున్న నియోజకవర్గాలన్నీ వద్దన్నాయి. డెర్రీ నగరం ఉన్న ఫోయిల్‌లో అయితే ఏకంగా 78 శాతం. దెబ్బ తగిలేవాళ్లు వద్దన్నారు, తగలనివాళ్లు కానిమ్మన్నారు. ఆ తర్వాత జరిగింది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తనిఖీలు భూమి మీద పెడితే ఐరిష్ జాతీయవాదులు ఒప్పుకోరు, శాంతి ఒప్పందమే కదులుతుంది. సముద్రం మీద, అంటే ఇంగ్లండ్ నుంచి వచ్చే సరుకు బెల్‌ఫాస్ట్, లార్న్ రేవుల్లో దిగేచోట పెడితే, సొంత దేశంలోనే మమ్మల్ని పరాయివాళ్లను చేశారని, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు మండిపడతారు. అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే మూడో దారి వెతికారు. ఆమె ఒప్పందాన్ని పార్లమెంటు 2019లో మూడుసార్లు తిప్పికొట్టింది. ఆమె తర్వాత వచ్చిన జాన్సన్ సముద్రాన్నే ఎంచుకున్నారు. రుసుము కెమెరాల కథ చెప్పిన మనిషే చివరికి సొంత దేశం నడిమధ్యన సుంకం గీత గీశారు.

2021 జనవరి 1 నుంచి అమలైన ఆ ఏర్పాటు ప్రకారం సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండ్ యూరప్ నిబంధనల్లోనే ఉండిపోయింది. దీనివల్ల భూమి మీద ఏం నిలబడిందో చూడాలంటే పాల ట్యాంకరు వెంట పోవాలి. టిరోన్, ఫెర్మానా కౌంటీల కొట్టాల్లో పితికిన పాలలో పెద్ద భాగం శుద్ధి కోసం దక్షిణాదికి పోతుంది. ఉత్తరాది పాల దిగుబడిలో ఇది దాదాపు మూడో వంతు, ఏటా సుమారు 80 కోట్ల లీటర్లు. ట్యాంకరు ఇరువైపుల పొలాల పాలనూ ఒకే కడుపులో పోసుకుని కర్మాగారానికి చేరుతుంది. అక్కడ అది వెన్నగా, జున్నుగా, పాలపొడిగా మారుతుంది. గొర్రెపిల్లలు కూడా ఏటా లక్షల్లో దక్షిణాది కబేళాలకు వెళతాయి. భూమి మీద తనిఖీ పెట్టి ఉంటే ఈ ట్యాంకర్లన్నీ ప్రతి ట్రిప్పుకూ పశువైద్యుడి సర్టిఫికెట్ పట్టుకుని వరుసలో నిలబడాల్సి వచ్చేది. పాలు వరుసలో నిలబడలేవు, విరిగిపోతాయి. ఆ గండం తప్పింది.

కానీ పూర్తిగా కాదు. రెండువైపుల పాలూ కలిసిన పొడికి పుట్టుక ఏ దేశం? యూరోపియన్ యూనియన్ ఇతర దేశాలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందాల్లో సుంకం రాయితీ యూరప్‌లో పుట్టిన సరుకుకే దక్కుతుంది. బ్రిటన్ బయటికి పోయాక ఉత్తరాది పాలు ఆ లెక్కలోకి రావు. దాంతో కలిసిన పాల ఉత్పత్తులు కొన్ని మార్కెట్లలో రాయితీ పోగొట్టుకున్నాయి. ఎవరి పాలు ఎందులో కలిశాయో కర్మాగారాలు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తోంది. రోడ్డు మీద కనిపించని గీత పాల తొట్టి లోపల గీసినట్టయింది.

వ్యాపారం లెక్క చూస్తే మాత్రం బ్రెగ్జిట్ ఐర్లండ్ ఉత్తర, దక్షిణాలను దగ్గరకు నెట్టింది. ఉత్తరాది నుంచి దక్షిణాదికి వచ్చిన సరుకు 2020తో పోలిస్తే 2021లో 65 శాతం పెరిగి దాదాపు 400 కోట్ల యూరోలకు చేరింది. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకోవడం తలనొప్పిగా మారేసరికి కొనేవాళ్లు పక్క కౌంటీ వైపు తిరిగారు. ఇది అందరికీ కలిసొచ్చిందనుకుంటే పొరపాటు. 2016లో పౌండు పడిపోయినప్పుడు దక్షిణాదిలో పుట్టగొడుగులు పండించి బ్రిటన్‌కు అమ్ముకునే రైతులు నెలల్లోనే కుదేలయ్యారు. పండించేది యూరోల్లో, అమ్మేది పౌండ్లలో. బేరం ముందే ఖాయమైపోయింది. మొనహన్ చుట్టుపక్కల ఎక్కువగా సాగే పంట అది. కొన్ని ఫారాలు బ్రెగ్జిట్ జరగకముందే మూతపడ్డాయి. న్యూరీ దుకాణాలకు మాత్రం ఆ పడిపోయిన పౌండే పండగ తెచ్చింది. దక్షిణాది కార్లతో పార్కింగు నిండిపోయింది.

సముద్రపు గీత మీద యూనియనిస్టుల కోపం 2021 ఏప్రిల్‌లో వీధుల్లోకి వచ్చింది, బస్సు తగలబడింది. 2022 ఫిబ్రవరిలో యూనియనిస్టుల పెద్ద పార్టీ అయిన డీయూపీకి చెందిన ప్రథమ మంత్రి రాజీనామాతో ప్రభుత్వం కూలి, రెండేళ్లు నడవలేదు. 2023 ఫిబ్రవరిలో అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లెయెన్ కుదుర్చుకున్న విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చింది. ఉత్తరాదిలోనే అమ్ముడయ్యే సరుకుకు గ్రీన్ లేన్, దక్షిణాదికి పోయే అవకాశం ఉన్నదానికి రెడ్ లేన్ అని విడగొట్టారు. ఇంగ్లండ్ నుంచి వచ్చే మాంసం, పాల ప్యాకెట్ల మీద యూరప్‌లో అమ్మకానికి కాదు అన్న ముద్ర పడింది. 2024 ఫిబ్రవరిలో డీయూపీ తిరిగొచ్చింది. షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓనీల్ ప్రథమ మంత్రి అయ్యారు. ఉత్తర ఐర్లండ్‌ను ఐరిష్ జాతీయవాది నడిపించడం అదే మొదలు.

రాజధానుల్లో ఇక్కడితో కథ సుఖాంతం. గేటు రాలేదు కాబట్టి సరిహద్దు రాలేదని చెప్పి చేతులు దులుపుకున్నారు. నా అభిప్రాయం వేరు. సరిహద్దు వచ్చింది. అది సరుకుల కంటే మనుషుల మీద ఎక్కువ పడింది, అదీ అందరి మీదా సమానంగా పడలేదు.

బ్రిటిష్, ఐరిష్ పౌరులకు ఏ ఇబ్బందీ లేదు. 1920ల నుంచి ఉన్న కామన్ ట్రావెల్ ఏరియా ఏర్పాటు వాళ్లను కాపాడుతోంది. ఇటు ఉండి అటు ఉద్యోగం చేయవచ్చు, అటు చదువుకోవచ్చు, అటు వైద్యం పొందవచ్చు. రోజూ ఇలా అటూఇటూ పనికి పోయేవాళ్లు 30 వేల దాకా ఉంటారన్నది తరచూ వినిపించే అంచనా. ఉత్తరాదిలో ఐరిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 2011 జనగణనలో సుమారు 3.75 లక్షలైతే 2021కి 6.14 లక్షలయ్యారు. వాళ్లలో తాతముత్తాతలు బ్రిటిష్ రాణికి జేజేలు కొట్టినవాళ్ల మనవలూ ఉన్నారు. దేశభక్తి సంగతి అలా ఉంచి, విమానాశ్రయంలో పొట్టి వరుస ఏదో వాళ్లకు తెలుసు.

ఆ రెండు పాస్‌పోర్టులూ లేనివాళ్ల పరిస్థితి ఏమిటి? మొనహన్, కావన్‌లలో పుట్టగొడుగుల షెడ్లలో, మాంసం కర్మాగారాల్లో పని చేసేది ఎక్కువగా లిథువేనియా, పోలండ్, లాత్వియాల నుంచి వచ్చినవాళ్లు. 2020 డిసెంబరు 31 దాకా మొనహన్‌లో ఇల్లు తీసుకున్న లిథువేనియా మనిషి, ఐదు కిలోమీటర్ల అవతల ఫెర్మానాలో పని దొరికితే మర్నాడే చేరిపోయేవాడు. ఇప్పుడు కుదరదు. ఆ తేదీకి ముందే అవతల పని చేస్తున్నవాళ్లకు ఫ్రాంటియర్ వర్కర్ పర్మిట్ ఇచ్చారు, మిగతావాళ్లు బ్రిటన్ వర్క్ వీసా తెచ్చుకోవాలి. పుట్టగొడుగులు కోసే పనికి ఏ యజమాని వీసా స్పాన్సర్ చేస్తాడు? గేటు లేని రోడ్డు వాళ్ల కళ్లముందే ఉంది. దాటినా ఎవరూ ఆపరు. అక్కడ పని చేస్తూ పట్టుబడితే మాత్రం కొంప మునుగుతుంది.

మనవాళ్ల సంగతి ఇంకా తెలుసుకోదగ్గది. డోనెగాల్‌లోని లెటర్‌కెన్నీ పట్టణంలో టీసీఎస్ 2020 నుంచి పెద్ద కేంద్రం నడుపుతోంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో ఒక తెలుగు కుర్రాడు అక్కడికి ఉద్యోగానికి వెళ్లాడనుకోండి. చేతిలో ఐర్లండ్ నివాస కార్డు ఉంటుంది. అక్కడికి దగ్గరి పెద్ద నగరం డెర్రీ, అరగంట ప్రయాణం. సినిమా, షాపింగు, విమానాశ్రయం అన్నీ అక్కడే. ఆ కార్డుతో చట్టం ప్రకారం డెర్రీలో కాలు పెట్టే హక్కు అతనికి లేదు. బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి. భారతీయులకు, చైనీయులకు ఒకే వీసాతో రెండు దేశాలూ చూసే పథకం ఒకటి ఉంది కానీ అది కొద్దిరోజుల సందర్శకులకే. అక్కడే కాపురం ఉండి పన్ను కట్టేవాడికి వర్తించదు. పది రోజులకు చూడ్డానికి వచ్చినవాడికి ఉన్న వెసులుబాటు పదేళ్లు పని చేయడానికి వచ్చినవాడికి లేదన్నమాట. డెర్రీలో యూనివర్సిటీలో చేరిన తెలుగు విద్యార్థికీ ఇదే చిక్కు, దిశ మాత్రం తిరగబడుతుంది. ఈ నిబంధన బ్రెగ్జిట్‌కు ముందూ ఉంది, నిజమే. అప్పుడు పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇప్పుడు యూరప్ దేశాలవాళ్లు కూడా కొంతవరకు అదే పడవలోకి వచ్చారు, ప్రభుత్వాల చూపూ దాని మీద పడింది.

ఇది షాపింగుతో ఆగితే ఇంత రాయనక్కర్లేదు. డెర్రీలోని ఆల్ట్‌నగెల్విన్ ఆసుపత్రి క్యాన్సర్ కేంద్రానికి ఐర్లండ్ ప్రభుత్వం కూడా డబ్బు పెట్టింది. డోనెగాల్ రోగులు రేడియేషన్ కోసం 240 కిలోమీటర్ల దూరంలోని డబ్లిన్‌కో, గాల్వేకో పోకుండా అక్కడికి వెళ్లవచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లను అంబులెన్సు సరిహద్దు దాటించి అక్కడికే తీసుకెళుతుంది. రెండు ప్రభుత్వాలూ కలిసి చేసిన మంచి పనుల్లో ఇది ముందువరసలో ఉంటుంది. పాస్‌పోర్టు సరైనది ఉన్నవాళ్లకు అది అరగంట దూరంలోని ఆసుపత్రి. లేనివాళ్లకు పరదేశం. వారాల తరబడి రోజూ వెళ్లాల్సిన రేడియేషన్‌కు ముందు వీసా దరఖాస్తు పెట్టుకోవాలి.

వైద్యంలోనే ఇంకో అసమానత కనిపిస్తుంది. యూరప్ నిబంధన కింద ఉన్న సరిహద్దు వైద్య పథకం బ్రెగ్జిట్‌తో పోతే, డబ్లిన్ ప్రభుత్వం 2021 జనవరి 1 నుంచే తన ఖర్చుతో ప్రత్యామ్నాయం తెచ్చింది. దక్షిణాదివాళ్లు ఉత్తరాదిలో చికిత్స చేయించుకుని బిల్లు తిరిగి పొందుతున్నారు. ఉత్తరాది విద్యార్థులకు యూరప్ విద్యార్థి మార్పిడి పథకమైన ఎరాస్మస్ అవకాశం పోకుండా డబ్బు పెడతామన్నదీ డబ్లినే. వెళ్లిపోయిన దేశం వదిలిన బరువు ఉండిపోయిన దేశం మోస్తోంది.

తనిఖీ అసలే లేదా అంటే ఉంది. డబ్లిన్, బెల్‌ఫాస్ట్ మధ్య తిరిగే బస్సులను దక్షిణాది పోలీసులు అప్పుడప్పుడు ఆపుతారు. లోపలికెక్కి పాస్‌పోర్టులు అడుగుతారు. ముందుగా ఎవరిని అడుగుతారన్న దాని మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. ఒంటి రంగును బట్టి అడుగుతున్నారని హక్కుల సంఘాలు అంటున్నాయి. 2024 వసంతంలో శరణార్థుల్లో 80 శాతానికి పైగా ఉత్తరాది నుంచే వస్తున్నారని ఐర్లండ్ న్యాయశాఖ మంత్రి చెప్పాక ఈ తనిఖీల మీద ఒత్తిడి పెరిగింది. ఇటు బ్రిటన్ కూడా వీసా అక్కర్లేని విదేశీయులకు ఈటీఏ అనే ముందస్తు అనుమతి పెట్టింది. రుసుము 10 పౌండ్లతో మొదలై 2025 ఏప్రిల్‌లో 16 పౌండ్లయింది. డబ్లిన్‌లో దిగి డోనెగాల్ చూసి డెర్రీకి పోదామనుకున్న అమెరికా పర్యాటకుడు కూడా ఇప్పుడు ఫోనులో ఫారం నింపాల్సిందే. ఫెర్మానా సరస్సుల పక్కన లాడ్జీలు నడిపేవాళ్లకు ఇది మింగుడుపడటం లేదు.

సరుకుల ఏర్పాటు మీద బెల్‌ఫాస్ట్ అసెంబ్లీ 2024 డిసెంబరు 10న ఓటేసింది. 48 మంది కొనసాగించమన్నారు, 36 మంది వద్దన్నారు. అనుకూలంగా ఒక్క యూనియనిస్టు చెయ్యీ లేవలేదు. రెండు వర్గాల మద్దతూ దక్కి ఉంటే మళ్లీ ఎనిమిదేళ్ల దాకా ఓటు ఉండేది కాదు. దక్కలేదు గనక 2028లోనే మళ్లీ అడగాలి. పాల కర్మాగారం పెట్టాలన్నా, పొలం పక్కన షెడ్డు వేయాలన్నా బ్యాంకు చూసేది పదేళ్ల ముందుకు. ఇక్కడ నాలుగేళ్లకు మించి హామీ లేదు.

సాసేజీలు ఏ రేవులో దిగాలో, వాటి మీద ఏ ముద్ర పడాలో తేల్చుకోవడానికి లండన్, బ్రస్సెల్స్, డబ్లిన్‌లు ఏళ్లు వెచ్చించి వందల పేజీలు రాసుకున్నాయి. మనుషుల విషయంలో కావలసింది ఒక్క పేజీ. సరిహద్దుకు ఇరువైపులా చట్టబద్ధంగా కాపురం ఉంటున్నవాళ్ల నివాస కార్డును అవతలివైపు ప్రయాణానికీ, వైద్యానికీ చెల్లే పత్రంగా గుర్తిస్తే చాలు. దీనికి బ్రస్సెల్స్ అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే కామన్ ట్రావెల్ ఏరియా లండన్, డబ్లిన్‌ల సొంత వ్యవహారం. 2028 ఓటుకు ముందే ఈ పని చేయాలి.